బిషప్పు గారి తోటలో సున్నం పని

నా చిన్నప్పుడు మేము ప్యాలెస్‌లో ఉండేవాళ్ళమని చెబితే వినేవాళ్ళ కళ్ళు కాస్త పెద్దవవుతాయి. ప్యాలెస్ గేటు పక్కన, ఒకప్పుడు గుర్రబ్బండి తోలేవాడి కోసం కట్టిన రెండు గదుల ఇంట్లో అని చెప్పగానే మళ్ళీ మామూలుగా అయిపోతాయి. ఆ రెండు మాటల మధ్య దొరికే కాస్త గౌరవం కోసం నేను ఇప్పటికీ మొదటి మాటతోనే మొదలుపెడతాను.

ఎనభైల చివర్లో మాట. సిడ్నీకి పడమట, కొండలు దాటి చాలా దూరం వెళ్ళాక వచ్చే ఒక చిన్న ఊళ్ళో మా నాన్న ఆసుపత్రి డాక్టరు. అమ్మ అదే ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. ఆసుపత్రి క్వార్టర్సు ఖాళీ లేకపోతే, చర్చి వాళ్ళు గేటు పక్కనున్న ఆ ఇల్లు అద్దెకిచ్చారు. మాది కృష్ణా జిల్లా, తరాలుగా క్రైస్తవ కుటుంబం. అందుకని బిషప్పు గారి ఆవరణలో ఉండటం నాన్నకి గొప్పగా అనిపించింది. అమ్మకి చలిగా అనిపించింది.

పేరుకి ప్యాలెస్సే గాని, అప్పటికి అందులో రాజ్యం చేసే బిషప్పు ఎవరూ లేరు. పనిలో ఉన్న బిషప్పు ఊళ్ళో హీటరున్న ఇటుకల ఇంట్లోకి మారిపోయాడు. ఆ తెలివి నాకు నచ్చింది. రాతి మేడ, దాని చుట్టూ ఇనప పూల కమ్మీల వరండా, ప్రార్థన మందిరం, గుర్రాలు లేని గుర్రపుశాల, నీళ్ళు లేని కొలను, ఇంగ్లండు నుంచి తెచ్చి నాటిన ఓక్ చెట్లు, ఎందుకు నాటారో తెలియని ఒక పెద్ద ఈత చెట్టు, ఇవన్నీ మాత్రం మిగిలాయి. శనాదివారాల్లో సమావేశాలకి ఎవరో వచ్చి టీ తాగి వెళ్ళేవాళ్ళు. మిగతా రోజుల్లో ఆ మేడ కింది భాగంలో రెండు గదుల్లో రిటైరైన ముసలి బిషప్పు ఒకాయన ఉండేవాడు. గేటు దగ్గర మేము ఉండేవాళ్ళం. మధ్యలో బోలెడంత గడ్డి.

బడి వదిలాక మెళ్ళో కట్టుకున్న తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వెళ్ళడం నా దినచర్య. అమ్మానాన్నా వచ్చేసరికి చీకటి పడేది. బళ్ళో నాతో ఎవరూ గొడవపడేవాళ్ళు కాదు. గొడవపడాలంటే ముందు మనిషి అక్కడుందని గుర్తించాలి. ఇంటికొచ్చి బ్రెడ్డు తిని, ఆ తోటంతా తిరిగేదాన్ని. కిటికీలన్నీ లెక్కపెట్టి, లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. బందరులో మూడో తరగతి దాకా గట్టిగా చదివిన తెలుగు ఓక్ చెట్లతో మాట్లాడటానికి తప్ప దేనికీ పనికిరాకుండా పోయింది. అవీ జవాబివ్వలేదు.

రెండో ఏడు ఆగస్టులో మా మామ్మ వచ్చింది. నాన్నకి అమ్మ. ఆరు నెలల వీసా మీద, రెండు పెట్టెలతో, తెల్లచీరలతో, ఆ చీరలు తెల్లగా ఉండటానికి నీలిమందు పొట్లాలతో దిగింది. అప్పట్నించి నేను బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉండేది. చెప్పుకుంటే ఇంతే విషయం. కానీ తలుపు తీసి ఉన్న ఇల్లూ, తాళం తీసుకుని వెళ్ళే ఇల్లూ ఒకటి కావని ఆ వయసులో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మామ్మకి మాత్రం ఊసుపోయేది కాదు. ఇంగ్లీషు రాదు. టీవీలో వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అర్థమయ్యేది కాదు, అర్థమైన నాకూ తెలిసేది కాదనుకోండి. నెలకోసారి సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో ఇండియా సరుకులమ్మే ఒక కొట్టుకి కారులో వెళ్ళి కందిపప్పూ, ఎండుమిరపకాయలూ తెచ్చుకోవడమే మాకు యాత్ర. ఆ దారిలో ఎవరైనా చీరకట్టుతో కనిపిస్తే మామ్మ కారు ఆపమనేది. ఆపితే ఆవిడ గుజరాతీ అయ్యేది. సెప్టెంబరులో వచ్చే ఇక్కడి వసంతకాలంలో, మాగ్‌పై అనే నలుపూ తెలుపూ పిట్టలు గుడ్లు పెట్టుకుని, దారిన పోయేవాళ్ళ నెత్తిమీద పొడుస్తుంటే పిల్లలందరం ఐస్‌క్రీం డబ్బాలు బోర్లించుకుని బడికి వెళ్ళేవాళ్ళం. మామ్మ చెంగు కప్పుకుని నడుస్తుంటే మాత్రం ఒక్క పిట్టా దగ్గరికి వచ్చేది కాదు. ఎవరో పెద్దమనిషి అనుకుని ఉంటాయి.

అక్టోబరు వచ్చేసరికి ఆవిడకి నిద్ర పట్టడం మానేసింది. నవంబరు రెండున మా వైపు సమాధుల పండుగ. ఆ నాటికి ఊళ్ళో ప్రతి కుటుంబం తమవాళ్ళ సమాధుల దగ్గర గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలూ చేమంతులూ పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. పాస్టరు గారు ఒక్కో సమాధి దగ్గరా ఆగి ప్రార్థన చేస్తాడు. సున్నం పడని సమాధి ఉందంటే దిక్కులేనిదని అర్థం. మా తాతయ్యది పక్కింటి బాబాయికి అప్పజెప్పి వచ్చిందిగాని, వాడు సున్నం పలచగా కొడతాడని మామ్మ బెంగ. ముందే పంపించమని నాన్నని అడిగింది. విమానంలో చోటు దొరకలేదు. ఎంత తొందరగా వెళ్ళినా డిసెంబరు మొదట్లోనే అన్నారు. సరే, దానికే ఎక్కించెయ్యి అంది.

డిసెంబరులో ఇక్కడ వేసవి సెలవులు. ఫిబ్రవరి దాకా ఉంటుందనుకున్న మనిషి, సరిగ్గా బడి మూసేసే రోజుల్లో వెళ్ళిపోతోంది. జనవరి అంతా పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ కిటికీలూ నేనూ మిగులుతాం. ఉండమని అడగడానికి నాకు నోరు రాలేదు. అమ్మకీ రాలేదు. నాన్న అడగబోతే మామ్మ, "మీ నాన్న అక్కడున్నాడురా" అంది. చనిపోయిన మనిషితో వాదించి గెలవడం కష్టం.

ఒక సాయంత్రం ఏమీ తోచక ఆవిణ్ణి ప్రార్థన మందిరం వెనక్కి తీసుకెళ్ళాను. అక్కడ ఇనప కమ్మీల మధ్య పాత బిషప్పుల సమాధులు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది, మొట్టమొదటి బిషప్పుది, మంచంలాంటి రాతి కట్టడం. నాచు పట్టి నల్లగా అయిపోయింది. ఎవరిదని అడిగితే చదివి చెప్పాను. మామ్మ వేలితో ఆ నాచు గీకి చూసింది. తర్వాత, "బిషప్పు గారికే ఇట్టా ఉంటే మనబోటివాళ్ళ గతేంటే," అంది.

నవంబరు రెండున నేను బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉంది, మామ్మ లేదు. వెతుక్కుంటూ వెళితే ఆ మొదటి బిషప్పు గారు పాలరాతి మేడలా మెరిసిపోతున్నాడు. గుర్రపుశాలలో, ఎప్పుడో గోడ మరమ్మత్తుకి తెచ్చి మిగిల్చిన సున్నం బస్తా ఉంది. ఈత మట్ట ఒకటి విరిచి, రాయి మీద నలగ్గొట్టి కుంచె చేసుకుంది. తెల్లదనం నిగనిగలాడటానికి మా ఊళ్ళో సున్నంలో నీలిమందు కలుపుతారు. అదీ కలిపింది. చేమంతులు దొరకలేదు. ఈ దేశంలో చేమంతి మే నెలలో పూస్తుందని నేను చెబితే, అయితే దాని తప్పే అంది. గులాబీలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించాం. సాయంత్రమైనా ఎండ తగ్గలేదు. ఆ వెలుతురులో అవి వెలుగుతున్నాయో లేదో వేలు పెట్టి చూడాల్సి వచ్చింది. మామ్మ కళ్ళు మూసుకుని పెద్ద ప్రార్థనే చేసింది. మా తాతయ్యదీ, ఈ బిషప్పు గారిదీ, పక్కింటి బాబాయి సున్నందీ అన్నీ అందులో కలిపేసింది.

మర్నాడు ప్యాలెస్ కట్టడాల్ని కాపాడే కమిటీ నుంచి ఒక ఆంటీ వచ్చింది. ఆవిడ నల్లకళ్ళద్దాలు తీసి చూసింది, మళ్ళీ పెట్టుకుని చూసింది. వందేళ్ళు దాటిన రాయి అది. దాని నాచుకి కూడా ఏవో హక్కులున్నాయట. నాన్న ఆసుపత్రి నుంచి పరిగెత్తుకొచ్చి, ఆవిడ అడగకముందే క్షమాపణలు చెప్పడం మొదలుపెట్టాడు. అద్దె ఇల్లు పోతుందని అమ్మ భయం. మామ్మ మాత్రం, నచ్చిందని చెప్పడానికి ఇంతమంది వచ్చారా అని నన్ను అడిగింది. నేను మధ్యలో ఉన్నాను. అవునని చెప్పాలో కాదని చెప్పాలో తెలియక, ఇంకా మాట్లాడుకుంటున్నారని చెప్పాను.

అప్పుడు మేడలోంచి ముసలి బిషప్పు గారు వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, పాత గడ్డి టోపీతో ఉండేవాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఆవిణ్ణి ఇంగ్లండులో వాళ్ళవాళ్ళ మధ్యే సమాధి చేశారని తర్వాత తెలిసింది. ఆయన సమాధి చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగాడు. ఈయన పోయాక ఇన్నేళ్ళలో ఈయన దగ్గరికి ఇంత శ్రద్ధగా వచ్చినవాళ్ళు ఎవరూ ఉండరనుకుంటాను అన్నాడు. కమిటీ ఆంటీ గట్టిగా ఊపిరి తీసుకుంది. సున్నం తీసెయ్యాల్సిందే, అదీ మెత్తటి బ్రష్షుతో, నీళ్ళతో, ఒక్క గీత పడకుండా అని ఆవిడ తీర్పు. ఆ పని చేసిపెడతారా అని మామ్మనే అడగమని బిషప్పు గారు నాతో అన్నాడు.

అడిగాను. పండగనాడు వేసిన సున్నం పండగ మర్నాడు తియ్యమంటారా అని మామ్మ కాసేపు మండిపడింది. దాన్ని నేను ఇంగ్లీషులోకి 'ఆలోచిస్తోంది' అని మార్చాను. చివరికి ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"అయ్యగారు పక్కన కూర్చుని చూడాలి. రేపు రాయి అరిగిందని నా మీద పెట్టకూడదు."

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం మామ్మ బకెట్టూ బ్రష్షూ తీసుకుని వెళ్ళేది. బిషప్పు గారు మడత కుర్చీ తెచ్చుకుని నీడలో కూర్చునేవాడు. మొదట్లో బడి అవగానే నేను పరిగెత్తుకెళ్ళి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి వాళ్ళకి నా అవసరం తీరిపోయింది. మామ్మ తెలుగులో తాతయ్య సంగతులు చెప్పేది. ఆయన ఇంగ్లీషులో తన భార్య సంగతులు చెప్పేవాడు. ఇద్దరూ సరైన చోట తల ఊపేవాళ్ళు. భాష తెలిసిన మా ఇంట్లో అంత చక్కగా ఎవరూ ఎవరి మాటా వినేవాళ్ళం కాదు.

డిసెంబరు టికెట్టు దగ్గరపడింది. నాన్న గుర్తుచేశాడు. మామ్మ అన్నం కలుపుతూ, పని సగంలో వదిలేసి ఎట్టా వెళ్తానురా, బిషప్పు గారి ముందు మాట ఇచ్చాను అంది. టికెట్టు వాయిదా పడింది. ఆ రాత్రి నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

సెలవులొచ్చాయి. ఆ సున్నం మాత్రం అయిపోవడం లేదు. ముందువైపు శుభ్రమైతే వెనకవైపు తెల్లగా ఉండేది. వెనక కడిగితే పక్కన మచ్చ తేలేది. కమిటీ ఆంటీ వారం వారం వచ్చి తల గోక్కుని, ఇండియా పద్ధతి సున్నం బాగా గట్టిదనుకుంటా అని వెళ్ళిపోయేది. నాకూ అలాగే అనిపించి కాస్త గర్వపడ్డాను కూడా.

క్రిస్మస్ వెళ్ళిన తర్వాత ఒక ఉదయం, మామ్మ మరిచిపోయిన బకెట్టు తెమ్మంటే ఒక్కదాన్నే వెళ్ళాను. సమాధి వెనకాల గడ్డి టోపీ కనిపించింది. బిషప్పు గారు మోకాళ్ళ మీద ఉన్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడేమోనని ఆగిపోయాను. ఆయన చేతిలో జాం డబ్బా ఉంది. రెండో చేతిలో, రొట్టెల మీద వెన్న రాసే కుంచె ఉంది. మామ్మ నిన్న కడిగిన చోట, చాలా జాగ్రత్తగా, చర్చి పెద్దలకి ఉండాల్సిన నిదానంతో సున్నం పూస్తున్నాడు.

నన్ను చూశాడు. డబ్బా దాచుకోలేదు. మోకాళ్ళ మీదున్న మనిషి తొందరపడి లేవలేడు కదా, ఆ వయసులో.

"ఈ రాయిలోంచి సున్నం మళ్ళీ మళ్ళీ ఊరుతోందమ్మా," అన్నాడు. "చిత్రంగా ఉంది."

అవునండీ అన్నాను. బకెట్టు తీసుకుని ఇంటికొచ్చాను. మామ్మకి తెలిస్తే మోసం చేశారని కోపం వస్తుంది, పెట్టె సర్దేస్తుంది. చెప్పకపోతే ఏ రోజైనా తనే పట్టుకుంటుంది. ఎటూ పోలేక వంటింట్లో నిలబడి చెప్పేశాను. ఇక నా సెలవుల సరదా అంతా ఆ పొయ్యి పక్కనే అయిపోయిందనుకున్నాను.

మామ్మ చారు గరిటెతో తిప్పుతూనే ఉంది.

"నాకు తెలుసులేవే. ఆయన సున్నంలో నీలిమందు లేదు. నాదేదో, ఆయనదేదో దూరాన్నించే తెలియట్లా?"

ఎప్పట్నించి తెలుసని అడిగాను. నవంబరు ఆఖర్నుంచి అంది. తెలిసి కూడా ఎందుకు కడుగుతున్నావన్నాను. ఈ ప్రశ్నకి ఆవిడ స్టవ్ ఆపి, గరిటె పక్కన పెట్టింది.

"ఉండండని మనిషిని అడగటం కష్టం బంగారూ. పనుందని చెప్పడం తేలిక. అంత పెద్దాయన ఈ వయసులో మోకాళ్ళ మీద కూర్చుని పని కల్పిస్తుంటే, నాకక్కర్లేదు అంటామా?"

ఆయన సంగతి సరే. మరి తను? అదీ అడిగాను. తాతయ్య దగ్గరికి వెళ్ళాలన్నావుగా, నువ్వెందుకు ఉండిపోయావు? మామ్మ నా మొహంలోకి చూడలేదు. నా జడ విప్పి, మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. పొద్దున్నే అల్లిన జడ అది, చెదరలేదు కూడా.

"నాకు ఇక్కడ పనుందిగదే," అంది.

ఆ జనవరి నాకు బాగా గుర్తు. ఎండ మండిపోయేది. గడ్డంతా ఎండి పసుపురంగుకి తిరిగింది. నేను ఓక్ చెట్టు కింద బోర్లా పడుకుని పుస్తకం చదువుకునేదాన్ని. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు, మధ్యలో బ్రష్షు చప్పుడు. కిటికీలు ఎన్నున్నాయో ఆ నెలంతా చూసుకోలేదు. ఆయన పూయడం, ఆవిడ కడగడం, ఆ సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తకపోవడం. మామ్మ ఒకరోజు చిన్న నీలిమందు పొట్లం తీసుకెళ్ళి ఆయన కుర్చీ మీద పెట్టి వచ్చింది. ఆ తర్వాత మచ్చల రంగు బాగా మెరుగుపడింది.

ఫిబ్రవరిలో వీసా అయిపోయింది. దాన్ని వాయిదా వేసే విద్య మాలో ఎవరికీ లేదు. బయల్దేరే ముందురోజు మామ్మ ఆఖరి మచ్చ కూడా కడిగేసి, పొడిగుడ్డతో తుడిచింది. బిషప్పు గారు టోపీ తీసి రాయిని చూశాడు. చాలా శుభ్రంగా ఉంది అన్నాడు. అంత విచారంగా మెచ్చుకోవడం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. మామ్మ దణ్ణం పెట్టింది. ఆయనా రెండు చేతులూ జోడించాడు, కాస్త వంకరగా. ఊళ్ళో బాబాయి సున్నం పలచగానే కొట్టాడని, వెళ్ళగానే తను మరో పూత వేశానని ఆవిడ తర్వాత ఫోనులో చెప్పింది. మళ్ళీ రావడానికి ఆవిడ ఆరోగ్యం సహకరించలేదు.

వెళ్ళిన మర్నాడు నేను బడి నుంచి వచ్చి, తాళం తీసి, లోపలికి వెళ్ళకుండా గడప మీద కూర్చున్నాను. లోపల ఏముంటుందో తెలిసిన ఇంట్లోకి వెళ్ళడానికి తొందరేముంది. కాసేపటికి గడ్డి మీద అంత దూరం నడిచి బిషప్పు గారు వచ్చాడు. మా గేటు దాకా ఆయన రావడం అదే మొదటిసారి. వరండా పక్కనున్న చెట్టుకి అంజూర పళ్ళు పండుతున్నాయనీ, పిట్టలు ఒక్కటీ మిగల్చడం లేదనీ, కూర్చుని చప్పట్లు కొట్టడానికి ఒక మనిషి కావాలనీ చెప్పాడు. తనకి చేతుల కీళ్ళనొప్పులట. సున్నం కుంచె పట్టుకోవడానికి అడ్డురాని కీళ్ళనొప్పులు.

నాకు అప్పటికి సంగతి తెలుసు. కాబట్టి అక్కర్లేదని అనలేదు. మొహం కడుక్కుని, పనుందని అమ్మకి చీటీ రాసిపెట్టి వెళ్ళాను. ఆ ఏడాదీ, ఆ తర్వాత మేము ఆ ఊరు వదిలేదాకా, ఆ వరండాలో నాకు ఏదో ఒక ఉద్యోగం ఉండేది. అంజూర పళ్ళు మాత్రం చాలావరకు పిట్టలే తిన్నాయి. వాటిని కాపాడాలని మా ఇద్దరిలో ఎవరికీ పెద్ద పట్టుదల లేదు.

ఇప్పుడు నేను సిడ్నీలోనే, బ్లాక్‌టౌన్ దాటాక కొత్తగా వేసిన కాలనీలో ఉంటున్నాను. మా వీధిలో తెలుగు ఇళ్ళు బాగానే ఉన్నాయి. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన తల్లులు, కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్ళాక గరాజు ముందు కుర్చీ వేసుకుని, కార్లు లేని రోడ్డు వంక చూస్తూ కూర్చుంటారు. ఆ చూపు నాకు తెలుసు. మీకు తోచడం లేదా ఆంటీ అని అడిగితే, బానే ఉందమ్మా అంటారు. అందుకని అడగను. పెరట్లో పెరిగిన గోంగూర ఒక కట్ట చంకలో పెట్టుకుని వెళ్ళి, దీన్ని ఏం చెయ్యాలో నాకు తెలియదంటాను. పోయినేడు వచ్చినావిడ దగ్గర సున్నుండలు రావన్నాను. అంతకుముందావిడ దగ్గర పూలమాల కట్టడం రాదన్నాను. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషికి ఇంత పనికిమాలినతనం ఏమిటా అని వీధంతా నన్ను చూసి జాలిపడుతుంది. మా ఆయన మొదట్లో నవ్వేవాడు, ఇప్పుడు తనకి దోసె తిప్పడం రాదని ప్రచారం చేసుకుంటున్నాడు.

ఈమధ్య మా పక్కింటికి తెనాలి నుంచి ఒకావిడ వచ్చారు. రోజూ మధ్యాహ్నం వచ్చి నాకు గోంగూర పచ్చడి నేర్పుతున్నారు. నిన్న నేను మళ్ళీ ఉప్పు మరిచిపోయాను. ఆవిడ నుదురు కొట్టుకుని, నీకు ఇంకా చెయ్యి తిరగలేదమ్మాయ్, రేపు వచ్చి ఇంకోసారి చూపిస్తానులే అన్నారు.

"అవునాంటీ, ఇంకా రాలేదు," అన్నాను.